వంతెనకు విశ్రాంతి అడిగినాయన

పోయిన మాఘంలో ఏలూరు స్టేషనులో తాడేపల్లిగూడెం బండి దిగిన పరిచితుడొకడు, సంచీ ఒక చేతినుంచి మరొక చేతికి మార్చుకుంటూ, ధాన్యం ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"అన్నట్టు, మీ ఇంజనీరుగారు పోయారటండీ. ఉత్తరాదిని ఎక్కడో. జ్వరమట."

"అలాగా" అన్నాను. ఈ వయస్సులో ఇటువంటి వార్తలు వరుస కట్టి వస్తాయి. ఒకదానికి దుఃఖించి ముగించేలోగా మరొకటి వచ్చి గుమ్మంలో నిలుచుంటుంది. మెల్లగా ఇంటికి నడిచి వచ్చి అరుగుమీద కూర్చోబోయాను. కూర్చోబోతూండగా నా కుడిచెయ్యి తనంతట తానే లేచి, వంచిన వేలి కణుపుతో అరుగు స్తంభాన్ని తట్టింది. ఆ అలవాటు నాది కాదు, ఆయనది. అప్పుడు గాని ఆయన పోయినట్టు నాకు నమ్మకం కలగలేదు.

ఆయన దేనినైనా తట్టి చూసేవాడు. మంచినీళ్లు ఇస్తే చెంబును తట్టేవాడు. మా వీధి తలుపును తట్టేవాడు, పిలుపుకోసం కాదు, చెక్క ఎలా పలుకుతుందో వినడానికి. తట్టి, తల కొంచెం ఓరగా వంచి, కళ్లు మూసుకుని వినేవాడు. బాగా పలికితే ఏమీ అనేవాడు కాదు. పలకకపోతే, "కొంచెం చూపించాలండీ దీన్ని" అనేవాడు, వైద్యుడికి చూపించాలన్నట్టుగా.

రెండవ వింత అలవాటు, ఆయన దేనికీ ఆనుకునేవాడు కాదు. గంటలకొద్దీ మా అరుగుమీద నిటారుగా కూర్చునేవాడే గాని, వీపు వెనకనే ఉన్న స్తంభానికి చేరగిలబడినది లేదు. ఒకనాడు అడిగాను. "పాపం దానికి పైకప్పు బరువు ఉందిగదండీ, మళ్లీ నేనెందుకూ" అన్నాడు. పరిహాసమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక మర్యాద అంటారా, మా సీమలో మాటకొక 'అండీ' చేర్చడం కొత్తకాదు. ఆయన దానిని ప్రాణం లేనివాటికి కూడా విస్తరింపజేశాడు. రైలుపెట్టెలో కిటికీ బిగిసిపోతే రెండు చేతులతో పట్టుకుని, "కొంచెం రండీ, కొంచెం" అని బతిమాలడం నేను కళ్లారా చూశాను.

ఆయన మా ఎదురింట అద్దెకుండేవాడు. ఒంటరి. పెంటపాడు వైపు వాడని వినికిడి. ఆ వివరం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రోజూ ఉదయం మూడవ తరగతి పెట్టెలో తాడేపల్లిగూడెం వెళ్లి, అక్కడ బియ్యపు మిల్లులకు ఇనుప పైకప్పులు కట్టే ఒక చిన్న కర్మాగారంలో నమూనాలు గీసి, సాయంకాలం బండికి తిరిగి వచ్చేవాడు. ఆ నడకలో దినమంతటి అలసట కనిపించేది. అలసట ఆయనకు ఒక రోజు వచ్చి ఒక రోజు పోయేది కాదు. ఉత్తరీయంవలె ఎప్పుడూ భుజాన ఉండేది. నేను అప్పటికే ఉద్యోగం చాలించిన తెలుగు పండితుణ్ణి. ఇద్దరమూ అలసినవాళ్లమే కనుక మాట్లాడుకోవడానికి తొందర ఉండేది కాదు.

ఇనుప దూలాలను అంతవరకూ రివిట్లతో, అంటే లావుపాటి ఇనుప మేకులతో, బిగించేవారు. విద్యుత్తు నిప్పుతో ఇనుమును కరిగించి అతికే వెల్డింగు విద్య అప్పుడే మన ప్రాంతానికి వస్తున్నది. ఆయనకు తెలిసిన విద్య అదే. అది నాకు ఎలా బోధపడిందంటే, ఒక ఉదయం నా భార్య గోడా నేలా కలిసే మూల ఎర్రమట్టితో మెత్తి నున్నగా దిద్దుతున్నది. ఆయన వీధిలో పోతున్నవాడు ఆగి, గబగబా మెట్లెక్కి వచ్చి, ఆ పచ్చిమట్టిలో పుల్ల గుచ్చాడు.

"ఇదిగోనండీ పంతులుగారూ, వెల్డింగంటే ఇదే. రెండు పలకలు మూలగా కలిసినచోట కరిగిన ఇనుము ఇలా మూడు మూలలుగా పేరుకుంటుంది. దీని బలం పైకి కనిపించే వెడల్పులో లేదండీ. ఈ లోపలి మూలనుంచి పైకి ఎంత దగ్గర దారి ఉందో, అంతే బలం. దాన్ని గొంతు అంటారు. మనిషికైనా అంతే గదండీ, ఒళ్లెంతున్నా ఉరి బిగిసేది గొంతుకే."

"నీ ఉరీ నువ్వూనూ! పొద్దున్నే అవేం మాటలు తమ్ముడూ? పొద్దుటినుంచీ నడుం విరిగేలా దిద్దాను, బొక్క పెట్టావు!" అన్నది నా భార్య.

"క్షమించండి అక్కయ్యగారూ" అని, పంచె ఎగగట్టి, ఆ బొక్క తానే పూడ్చి, దిద్ది, ఆపైన వేలితో తట్టబోయి, పచ్చిమట్టి అని జ్ఞాపకం వచ్చి, చెయ్యి వెనక్కు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ అతుకు ఎంత లావుండాలో నిర్ణయించడానికి ఆయన దగ్గర రెండు ధర్మశాస్త్రాలుండేవి. ఒకటి సీమదొరలు వ్రాసినది, ఒకటి అమెరికావారు వ్రాసినది. ఆ రెంటికీ పడదు. ఒక పుస్తకం వంతెనమీదికి ఎక్కే జనాన్ని ఎక్కువ బరువుగా ఎంచుతుంది. అయితే అతుకును కూడా ఎక్కువ నమ్ముతుంది. రెండవది జనాన్ని తక్కువగా ఎంచుతుంది. అతుకును కూడా తక్కువే నమ్ముతుంది.

"ఆ రెండో పుస్తకంవాళ్ల దేశంలో జనం దూరదూరంగా నిలబడతారు కాబోలండీ" అన్నాడు, నిట్టూర్చి. "చివరికి రెండూ ఇంచుమించు ఒక లావు దగ్గరికే వస్తాయి. దారులే వేరు. భయమల్లా, దారిలో సగం ఇటూ సగం అటూ నడిచేవాళ్లతోనండీ."

నేనన్నాను: "మా శాస్త్రాల్లోనూ ఉన్నారండీ అలాంటివాళ్లు. ఒక్కొక్క నెల స్మార్తుల ఏకాదశి ఒకనాడు, వైష్ణవుల ఏకాదశి మరునాడు పడుతుంది. మా పేటలో ఒకాయన మొదటినాడు, 'నేను వైష్ణవుల లెక్క పాటిస్తాను' అని సుష్టుగా భోంచేసేవాడు. మరునాడు, 'నిన్ననే వెళ్లిపోయింది గదా' అని మళ్లీ భోంచేసేవాడు. శాస్త్రం తప్పలేదు. ఉపవాసమూ చెయ్యలేదు."

ఆయన అంతగా నవ్వడం నేను మునుపు చూడలేదు, తరువాతా చూడలేదు. కళ్లు తుడుచుకుని, "రెండు ఏకాదశులూ తిన్నవాడు" అని ఆ మాటను రుచి చూసినట్టు మళ్లీ మళ్లీ అనుకున్నాడు.

ఆ రోజుల్లోనే కైకలూరువైపు ఒక భూస్వామి, తల్లిగారి పేర, కొల్లేటిలోని ఒక లంకకూ రోడ్డుకూ నడుమ ఉన్న పెద్ద కాలువమీద కాలినడక వంతెన కట్టించ సంకల్పించాడు. పని తాడేపల్లిగూడెం కర్మాగారానికి దక్కింది. నమూనా గీయవలసినది ఈయన. రివిట్లు లేకుండా అతుకులతోనే కట్టే మొదటి వంతెన అది. ఆ లంకలో నేను పూర్వం పురాణం చెప్పినవాణ్ణి, లంకపెద్ద నన్నెరుగును. అందుచేత ఫాల్గుణంలో అక్కడి అమ్మవారి జాతరకు నన్ను తోడు తీసుకుని వెళ్లాడు. "జనం ఎలా నిలబడతారో చూడాలండీ. పుస్తకాలు రాసినవాళ్లు చూడలేదు గదా" అన్నాడు.

ఆ జాతరలో అమ్మవారి గరగలను, అంటే అలంకరించిన కలశాలను, తలమీద పెట్టుకుని లంకనుంచి ఆవలి గట్టున ఉన్న గుడికి తీసుకుపోతారు. రెండు తాటిదోనెలను జతగా కట్టి, పైన పలకలు పరచి, గరగలు మోసేవాళ్లు ఎక్కుతారు. సరిగ్గా కాలువ నడుమ దోనె ఆపి, డప్పులకు అనుగుణంగా అడుగులు వేసి ఆడతారు. నీటిమీద ఆ ఆట ఇవ్వనిదే అమ్మ కాలువ దాటదని వారి నమ్మకం.

ఆయన గట్టున నిలిచి గరగలను చూడలేదు, ఆ పాదాలను చూశాడు. ఆట ముగిశాక లంకపెద్దను అడిగాడు.

"పెద్దయ్యగారూ, వంతెన వచ్చాక ఈ ఆట ఎక్కడ ఆడతారండీ?"

"ఇంకెక్కడండి బాబూ, వంతెన నడిమజ్జాన. నీళ్లమీదుండాలి గానండి, దోనెమీదే ఉండాలని అమ్మేమన్నా చెప్పిందా?"

"జనం?"

"జనం రాకుండా ఉంటారాండి? లంకలంకంతా అమ్మచుట్టే."

తిరుగు ప్రయాణంలో, బండిలో, "అందరిదీ ఒకటే అడుగండీ" అన్నాడు. "వెయ్యిమంది తలో అడుగూ వేస్తే ఇనుముకి బరువు. అందరూ ఒకే అడుగు వేస్తే అది బరువు కాదండీ, ఊపు. అది ఏ పుస్తకంలోనూ లేదు." తరువాత వారం దినాలు మా అరుగుమీదికి రాలేదు. వచ్చిననాడు మాత్రం, అతుకులన్నీ లావు చేశానని, నమూనా యజమానికి ఇచ్చానని, మొహంలో ఒక తేటతో చెప్పాడు.

మరునాడే జ్వరం పడింది. కొల్లేటి దోమలు ఇచ్చి పంపిన జ్వరం. మా ఇంటినుంచి జావ పంపుతూండేవాళ్లం. నెల దాటాక జ్వరం దిగి, మంచంమీద లేచి కూర్చునే స్థితికి వచ్చిన ఒక మధ్యాహ్నం, నేను ప్రక్కన ఉండగా, కర్మాగారం యజమాని బత్తాయిపళ్లు పట్టుకుని చూడవచ్చాడు. చెడ్డవాడు కాడు. మెత్తగా మాట్లాడే మనిషి, పనివాళ్ల ఇళ్లలో శుభకార్యాలకు తప్పక వెళ్లే మనిషి.

"మీరు లేచేసరికి వంతెన కూడా లేచిందండీ ఇంజనీరుగారూ!" అన్నాడు సంతోషంగా. "వెల్డింగు యంత్రం మద్రాసునుంచి అద్దెకు తెచ్చుకున్నాం గదా, గడువైపోతోందని రాత్రింబవళ్లు చేయించాను."

"అతుకులు ఎంత లావు వేయించారండీ?"

యజమాని చెప్పాడు. నా మిత్రుడు పండు వలుస్తున్నవాడు ఆపేశాడు.

"ఏ పుస్తకం ప్రకారమండీ?"

"రెండూనండీ. మీరు గీసినంత లావుకు గడువు చాలదని, మీ బల్లమీద ఉన్నవే చూసి తగ్గించాం. జనం లెక్క ఇందులోది తీసుకున్నాం, అతుకు లెక్క అందులోది. రెండూ మహానుభావులు రాసినవే. ఎవరైనా అడిగితే పేజీ తీసి చూపిస్తాను."

తక్కువ బరువు ఎంచే పుస్తకంనుంచి బరువు. ఎక్కువ నమ్మే పుస్తకంనుంచి నమ్మకం. నా మిత్రుడు నావైపు తిరిగి, నీరసమైన గొంతుతో, "పంతులుగారూ, రెండు ఏకాదశులూ తినేశారండీ" అన్నాడు.

"ఏకాదశేమిటండీ, ఇవాళ చవితి గదా!" అన్నాడు యజమాని, జ్వరం ఇంకా దిగలేదేమోనని సందేహంగా చూస్తూ.

"మళ్లీ ఒక వరస అతుకు వేయించండి. మీకు పుణ్యముంటుంది."

"యంత్రం వెళ్లిపోయిందండీ. అయినా ఏమిటి మీ భయం?"

"గరగల ఆట."

"ఆట ఏ పుస్తకంలో ఉందండీ?" అని యజమాని ఎంతో సౌమ్యంగా అడిగాడు. మార్చిన నమూనా క్రింద తాను సంతకం చేయనన్నాడు నా మిత్రుడు. "విశ్రాంతి తీసుకోండి" అని యజమాని వెళ్లిపోయాడు. సంతకం మరెవరో చేశారు.

కాళ్లలో సత్తువ రాగానే భూస్వామి దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఆ పెద్దమనిషి మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, అంతా విని, ఒక్క ప్రశ్న వేశాడు.

"అయితే కూలిపోతుందంటారా?"

"చెప్పలేనండీ."

"కూలదంటారా?"

"అదీ చెప్పలేనండీ."

భూస్వామి నవ్వి, నావైపు చూసి, "ఏం చెయ్యమంటారండీ పంతులుగారూ ఈయనతో?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నిశ్చయంగా అబద్ధమాడే మనిషికి లోకంలో పీట వేస్తారు; నిజమేదో నిశ్చయంగా తెలియదని చెప్పేవాడికి మజ్జిగ ఇచ్చి పంపుతారు.

బయటికి వచ్చాక ఏలూరు దారి పట్టలేదు ఆయన. "లంకకు పోదామండీ" అన్నాడు. నాకు ఓపిక లేదు. ఆయనకు అంతకన్నా లేదు. అయినా వెళ్లాం.

వంతెన అప్పటికే నిలబడి ఉంది. నల్లగా, సన్నగా, చూడముచ్చటగా ఉంది. తలమీద చేపలగంపలతో ఆడవాళ్లు నవ్వుకుంటూ దాటిపోతున్నారు. పడవకోసం గట్టున పడిగాపులు పడే బాధ తీరింది వాళ్లకు. లంకపెద్ద ఎదురువచ్చి, నమస్కరించి, వంతెనను తానే కట్టినంత గర్వంగా చూపించాడు. నా మిత్రుడు విషయం చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆ ముసలాయన మొహంలో వెలుగు తగ్గుతూ వచ్చింది.

"అయితే బాబుగారండి, మీ వంతెన మా అమ్మని మొయ్యలేదాండి?"

"మోస్తుందండీ. ఒకసారి మోస్తుంది. పదిసార్లు మోస్తుంది. ఏసారి మొయ్యదో నాకు తెలీదండీ."

భూస్వామికి చెప్పిన జవాబే అది. కాని లంకపెద్ద నవ్వలేదు. తుపాకిగడ్డి ఊగుతున్న నీటివైపు చూస్తూ కూర్చున్నాడు. నీటిమీద బ్రతికేవాడికి, ఎప్పుడు ముంచుతుందో తెలియనిదానితో కాపురం చేయడం అలవాటే కదా.

"ఇనుముకేం జబ్బండి?"

"జబ్బు కాదండీ, అలసట. ఒక్క పెద్దబరువుకు విరిగేది వేరు. చిన్నచిన్న ఊపులు ఒకే చోట పడుతూ ఉంటే ఇనుము అలిసిపోతుందండీ. పైకి చెప్పదు. ఏడాదంతా మీరు నడవండి, గంపలు మొయ్యండి, ఫరవాలేదు. ఆ ఒక్క ఆట మాత్రం దానిమీద వద్దు. ఆ ఒక్కరోజు దానికి విశ్రాంతి ఇవ్వండి."

ముసలాయన ఆయన మొహంలోకి పరీక్షగా చూశాడు. "పైకి చెప్పదంటే, తవఁరిలాగానాండి?" అన్నాడు.

ఆ మాట ఆయనను అంతవరకూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన లేచి, గట్టు దిగి, లంకపెద్ద చేతిలోని దోనె నడిపే గెడను తీసుకుని, దాని కొసనున్న ఇనుపపొన్నుతో వంతెన అతుకొకదానిని తట్టాడు. ఖంగున పలికింది. "ఈ చప్పుడు గుర్తుపెట్టుకోండి పెద్దయ్యగారూ. అతుకులన్నీ ఇలా చూస్తూ ఉండండి. ఎక్కడైనా బొంగురుపోయిందంటే లోపల పగిలిందన్నమాట. అప్పుడింక చీమను కూడా ఎక్కనివ్వకండి."

"కుర్రకారు ఊరుకోరండి" అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "వంతెన పెట్టుకుని నీళ్లలోకి దిగడమేంటంటారు. నేనొక్కణ్ణీ చెప్పేది కాదండి. అమ్మనడగాలి."

మాట ఇవ్వలేదు. ఆ సంధ్యలో దోనెమీద తిరిగి వస్తూండగా నా మిత్రుడు, చేతులు ఒడిలో పెట్టుకుని, దేనికీ ఆనుకోకుండా కూర్చున్నాడు. తరువాతి జాతర రాకముందే ఉద్యోగం వదలి ఉత్తరాదికి వెళ్లిపోయాడు. చిరునామా ఇవ్వలేదు. వెళ్లేనాడు మా ఇంటి తలుపును తట్టి విని, ఏమీ అనలేదు కనుక, అది బాగానే ఉన్నదని అర్థం చేసుకున్నాం. ఆ తరువాత ఇన్నేళ్లూ మోకాళ్లు నన్ను ఏలూరు దాటనివ్వలేదు. వంతెన కూలిందన్న వార్త రాలేదు, అంతే తెలుసు.

ఆయన మరణవార్త విన్న తరువాత ఈ ఫాల్గుణంలో, నా భార్య వారిస్తున్నా, బండి కట్టించుకుని లంకకు వెళ్లాను. జాతరనాడు. దూరంనుంచే డప్పులు వినిపించాయి. కాలువగట్టు జనంతో నల్లబడి ఉంది. వంతెనమీద మాత్రం ఎవ్వరూ లేరు. రెండు కొసలా పసుపుత్రాడు అడ్డంగా కట్టి, మామిడాకులు గుచ్చారు. క్రింద రెండు తాటిదోనెలు జతకట్టి ఉన్నాయి.

చింతలపూడివైపు మెట్టనుంచి వచ్చిన కొత్త అల్లుడొకడు, దోనెలో కాలు పెట్టడానికి జంకుతూ కేకలేస్తున్నాడు. "అంత ఇనుము నెత్తిమీద పెట్టుకుని ఈ తాటిమొద్దులెందుకు మావా? నాకు ఈతైనా రాదు!"

"ఏడాది పొడుగునా మనల్ని మోత్తంది గదా అల్లుడూ. ఈ ఒక్కరోజూ దాన్ని తొంగోనీ" అన్నాడు లంకపెద్ద. నడుము బాగా వంగిపోయింది. "ఈత రాపోతే అమ్మ చూసుకుంటాది. కూకో."

జనం గొల్లున నవ్వారు. నేను బండి దిగి దగ్గరికి వెళ్లాను. ముసలాయన గుర్తుపట్టి, చేతులు జోడించి, నా వెనకకు చూశాడు, మరొకరు వస్తున్నారేమోనని.

"ఇంజనీరుబాబుగారు బాగున్నారాండి?"

చెప్పాను.

ముసలాయన జనంవైపు తిరిగి, "డప్పులాపండ్రా" అన్నాడు. డప్పులు ఆగాయి. అల్లుడి కేకలు ఆగాయి. గెడ ఊతగా గట్టు దిగి, వంతెన క్రిందికి వెళ్లి, ఇనుపపొన్నుతో అతుకును తట్టాడు. తల ఓరగా వంచి, కళ్లు మూసుకున్నాడు. ఆ ఖంగుమన్న చప్పుడు నీటిమీదుగా ఆవలిగట్టుదాకా పోయింది.

"ఇంకా పలుకుతోందండి బాబూ" అన్నాడు. నాతో కాదు.